నేనుంటే రాని మాట

జూన్ 3

ఒరేయ్ తమ్ముడూ,

నువ్వు సెలవు అయిపోయి వెళ్ళి నెల దాటింది. మీ సొరంగం ఎంతవరకు వచ్చింది? కొండ అవతల వెలుతురు కనిపించిందా, ఇంకా ఎలుకల్లా తవ్వుతూనే ఉన్నారా? ఫోన్ అందని చోట ఉద్యోగం చూసుకున్నావు కాబట్టి నా ఏడుపంతా కాగితం మీదే చదువుకోవాలి. ఓపిక తెచ్చుకో.

మీ బావ ఇప్పుడు కర్ర పట్టుకుని ఇంట్లో తిరుగుతున్నాడు. కుడి చెయ్యి ఇంకా బరువుగానే ఉంది, ఎడమ చేత్తో తింటున్నాడు. మాట మాత్రం నువ్వు ఆసుపత్రిలో చూసినప్పుడు ఎలా ఉందో అలాగే. మనం చెప్పేదంతా అర్థమవుతుంది. జవాబు ఇద్దామని నోరు తెరుస్తాడు, మాట గొంతులోనే తప్పిపోతుంది. ఇన్నేళ్ళూ డ్రైవింగ్ నేర్పి బతికిన మనిషి. ఊళ్ళో సగంమందికి స్టీరింగ్ పట్టడం నేర్పింది ఆ నోరే. అలాంటి మనిషికి పక్షవాతం వచ్చి నోరు కట్టేస్తే ఇల్లు ఎలా ఉంటుందో నువ్వే ఊహించుకో.

వారానికి మూడు రోజులు ఆసుపత్రి వెనక భవనంలో మాటల టీచరు దగ్గరికి తీసుకెళ్తున్నాను. అసలు సంగతి అక్కడే జరిగింది. మొన్న పాఠం అయిపోయాక ఆవిడ లేచింది. నేను ఆయన చెప్పులు సరిచేస్తూ కింద కూర్చుని ఉన్నాను. నా తల మీదుగా ఒక మాట వినిపించింది. "రేపు?" స్పష్టంగా, అడుగుతున్నట్టు. ఆయన గొంతే.

ఇన్నాళ్ళూ ముద్ద కలిపి పెట్టింది నేను. స్నానం చేయించింది నేను. మొదటి మాట ఆవిడకి! ఆవిడ చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను. కొట్టకపోతే బాగుండదు కదా.

దారంతా అదే ఆలోచన. మర్నాడు పాఠం లేదని ఆయనకి తెలుసు. తెలిసి ఎందుకు అడిగినట్టు? మళ్ళీ ఎప్పుడు చూస్తానోనని ఆత్రపడే మనిషే కదా అలా అడిగేది? పైగా ఆ రోజు పొద్దున ఎడమ చేత్తో తనంతట తనే గడ్డం గీసుకున్నాడు. రెండు చోట్ల తెగింది కూడా. మందుల షాపులో నా పని సంగతి నీకు తెలుసుగా, డాక్టరు రాతలో మొదటి అక్షరం చూసి మందు పేరు చెప్పేస్తాను. ఆ బుర్ర ఇంటికొచ్చాక ఊరుకుంటుందా?

నేను చెడ్డదాన్నా? తిట్టాలనిపిస్తే తిట్టు. కానీ నా వైపున ఉండి తిట్టు.

నీ అక్క


జూన్ 15

అక్కా,

నీ ఉత్తరం సరుకుల లారీలో ఉల్లిపాయల బస్తా మీద కూర్చుని వచ్చింది. ఆ వాసనకో, నీ రాతకో కళ్ళు నీళ్ళు తిరిగాయి. బావ మాట్లాడాడా! నేను గట్టిగా అరిచేసరికి సొరంగం మేస్త్రీ పరిగెత్తుకొచ్చాడు, ఎక్కడో కప్పు కూలిందనుకుని. ఈయనకి దుమ్ము పడదు, మాటకి ముందొక తుమ్ము, తర్వాతొక తుమ్ము. అందుకని అందరం ఆయన్ని తుమ్ముల మేస్త్రీ అంటాం. విషయం చెప్తే మూడు తుమ్ములతో నిన్ను అభినందించాడు.

ఇక నీ అసూయ సంగతి. మాటల టీచరంటే తెల్లజుట్టు, ముక్కు మీదకి జారిన కళ్ళద్దాలు, చేతిలో బెత్తం, అంతే కదా? మన చిన్నప్పటి లెక్కల టీచర్ని చూసి నువ్వు వణికేదానివి, బావ ఆవిణ్ణి చూసి వణికి "రేపు కూడానా?" అని అడిగి ఉంటాడు. సగం మాటే వచ్చింది పాపం. నువ్వు దాన్ని ప్రేమలేఖ చేశావు.

ఊరికే ఆలోచించకు. ఆలోచించడం మానేస్తే అంతా సర్దుకుంటుంది. నా పక్క మంచం వాణ్ణి చూడు, పేరు రేడియో. తల దిండుకి తగలగానే గురక పాట మొదలెడతాడు. దీపాల తీగ లాగడంలో నాకంటే వాడేం గొప్పవాడు కాదు, కానీ ఆ నిద్ర చూస్తే నాకు కడుపు రగిలిపోతుంది. నేను దొర్లుతూ ఉంటాను, పొద్దున బిగించిన స్విచ్చు సరిగ్గా బిగించానా లేదా అని. కాబట్టి మన వంశంలో ఈ జబ్బు నీ ఒక్కదానికే లేదు.

బావకి నా నమస్కారాలు. ఆయన ఏమంటాడో రాయి.

నీ తమ్ముడు


జూన్ 27

తమ్ముడూ,

"ఆలోచించకు" అని రాశావు చూడు, ఆ ఒక్క మాటకి నీ ఉత్తరం చింపేద్దామనుకున్నాను. ఆకలేస్తున్నవాడికి ఆకలేయకు అని చెప్పినట్టుంది. ఆలోచన నేను పిలిస్తే వస్తోందా, పొమ్మంటే పోవడానికి?

తెల్లజుట్టా! ఆవిడ నాకంటే చిన్నది. నల్లటి జుట్టు, నిమ్మళంగా మాట్లాడే గొంతు. గాజు తలుపు బయట నుంచి చూశాను, అందుకే చెప్తున్నాను. ఆ గదిలో ఒక పెద్ద అద్దం ఉంది. ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని అందులోకి చూస్తారు. ఆవిడ పెదవులు ఎలా కదిపితే ఆయన అలా కదపాలి. ఒకే అద్దంలో ఇద్దరి ముఖాలూ. దవడ ఎలా తెరవాలో చూపించడానికి ఆవిడ చెయ్యి ఆయన చెంప మీద పెట్టింది. పెళ్ళయ్యాక నేనెప్పుడైనా ఆయన పెదవుల వైపు అంతసేపు చూశానా అని ఆలోచించాను. నా పెదవుల వైపు ఆయన చూశాడా అని కూడా.

ఆ పైన ఆయనకి ఏదో మాట తప్పింది. నవ్వాడు. పాత నవ్వే, భుజాలు ఊగేలా. ఇంట్లో మాత్రం నేను ఎదురుపడితే ముఖం కిటికీ వైపు తిప్పుకుంటాడు. "ఏం కావాలి? టీయా? దిండా? ఫ్యాను వెయ్యనా?" అని అడుగుతూనే ఉంటాను. తల ఊపి ఊరుకుంటాడు.

తలుపు దగ్గర నన్ను చూసి ఆవిడ బయటికొచ్చింది. "ఏమీ అనుకోకండమ్మా, పాఠం జరిగేటప్పుడు మీరు బయటే ఉంటే మంచిది. మీరుంటే ఆయనకి మాట రావడం లేదు" అంది.

విన్నావా? నేనుంటే రాదట!

షాపుకొచ్చి ఒకావిడకి దగ్గు మందు బదులు అరుగుదల మందు ఇచ్చాను. ఓనరు చూశాడు కాబట్టి సరిపోయింది. నా చేతిలో అలాంటిది ఎప్పుడూ జరగలేదు. ఇప్పుడాయన ఆసుపత్రికి నేను రానక్కర్లేదని సైగ చేస్తున్నాడు, ఆటో అబ్బాయితో వెళ్ళిపోతున్నాడు. నీలం చొక్కా ఇస్త్రీ కావాలని వేలు పెట్టి చూపిస్తున్నాడు.

ఇక ఈ ఇంట్లో నేను చేసేదేముంది, చెప్పు? మనిషి అక్కడ, మాట అక్కడ, నవ్వు అక్కడ. నా దగ్గరికి వచ్చేది విడిచిన చొక్కా.

అక్క


జూలై 9

అక్కా,

నీ ఉత్తరం చదివి రెండు పూటలు అన్నం సయించలేదు. మొదట వెటకారంగా రాసినందుకు నన్ను క్షమించు. నిన్ను గది బయట నిలబెట్టడమా? ఆవిడతో చెప్పించడమా? నువ్వు ఇల్లు వదిలిపోయే మాట రాసేంత దాకా వచ్చిందంటే ఇక నేను చేతులు కట్టుకుని కూర్చోను.

పని చేస్తున్నంతసేపూ తీగల బదులు నా బుర్రలో బావే కనిపిస్తున్నాడు. ఆయన ఏమంటాడో నేనే అన్నాను, దానికి నేనేమంటానో నేనే చెప్పాను. నువ్వు పెట్టె పట్టుకుని ఈ కొండ కిందకి వచ్చేశావు, ఇక్కడ క్యాంటీన్ పక్కన నీకు గది కూడా చూసేశాను. చివరికి బావ వచ్చి నా కాళ్ళు పట్టుకున్నాడు, నేను క్షమించలేదు. ఇదంతా ఒక నిచ్చెన మీద నిలబడి దీపం బిగించేలోపు. తుమ్ముల మేస్త్రీ కింద నుంచి అరిచాడు, "ఒరేయ్, దీపం ఎప్పుడో వెలిగింది, ఇంకా తిప్పుతావేంటి!" అని.

బావకి విడిగా ఒక ఉత్తరం రాసి పడేశాను. ఏం దాచలేదు. లారీ వెళ్ళిపోయాక మరీ ఘాటుగా రాశానేమో అనిపించింది గానీ, అనవలసిన మాటే అన్నాను. ఎవరో ఒకరు అనాలి కదా.

నువ్వు తొందరపడి ఎక్కడికీ వెళ్ళకు. వెళ్ళాల్సి వస్తే నా దగ్గరికే రా.

నీ తమ్ముడు


జూలై 24

ఒరేయ్ బుద్ధిలేని తమ్ముడూ,

ఇల్లు వదిలిపోతానని ఎవడు చెప్పాడు నీకు? చేసేదేముంది అని అడిగాను, అంతే. ఆ ఒక్క ముక్క పట్టుకుని నువ్వు నాకు గది కూడా చూసేశావు!

ఇప్పుడు నీ ఉత్తరం ఏం చేసిందో చెప్తాను, కూర్చుని చదువు.

నేను షాపులో ఉండగా వచ్చింది. మీ బావకి ఇప్పుడు చదవడం కూడా సరిగ్గా రాదు, అక్షరాలు చీమల్లా పాకుతున్నట్టు కనిపిస్తాయని టీచరు చెప్పింది. కానీ నీ రాత గుర్తుపట్టాడు. నీ మీద ఆయనకి ఎంత ఇష్టమో నీకు తెలుసు. నాకు చూపించలేదు. తనే చదవడం నేర్చుకుని నా ముందు చదివి నన్ను ఆశ్చర్యపెట్టాలనుకున్నాడట. అందుకని జేబులో పెట్టుకుని తిన్నగా ఆ టీచరు దగ్గరికే తీసుకెళ్ళాడు.

ఆవిడ సంతోషంగా విప్పింది. పాఠం కదా, ఒక్కొక్క మాట కింద వేలు పెట్టి, ముక్కముక్కలుగా విడదీసి, పైకి చదివింది. "రో-గం వం-క పె-ట్టి ఆ టీ-చ-రు-తో మీ-రు సా-గి-స్తు-న్న స-ర-సా-లు" అని. ఆయన వెనకాలే పలుకుతున్నాడు కూడా. మాట పూర్తయ్యాక గానీ అదేమిటో ఇద్దరికీ అర్థం కాలేదు.

నాకు కబురొచ్చింది. వెళ్ళేసరికి ఉత్తరం బల్ల మీద ఉంది, ఆయన ముఖం గోడ వైపు ఉంది. భూమి చీలితే బాగుండుననిపించింది. ఆవిడ అరుస్తుందనుకున్నాను. అరిచినా బాగుండేది.

"కూర్చోండమ్మా. మీరున్నప్పుడు నేను మాట్లాడించి చూస్తాను. మీరే గమనించండి" అంది. ఆయన వైపు తిరిగి, "సార్, పొద్దున ఇంట్లో ఏం చేశారు?" అని అడిగింది.

ఆయన చాలాసేపు చూశాడు. చివరికి "మ..." అన్నాడు.

"మందులేసుకున్నారు" అన్నాను నేను.

తల అడ్డంగా ఊపి మళ్ళీ "మ..." అన్నాడు.

"మంచినీళ్ళు పట్టారా? మంచం మీద దుప్పటి మార్చారా? మబ్బేసిందని బట్టలు తీశారా?"

ఆయన నోరు మూసేసుకున్నాడు. ఇంట్లో రోజూ చూసే ముఖమే అది. కిటికీ వైపు తిరిగే ముఖం.

"మందుల షాపులో చేస్తారట కదా" అంది ఆవిడ, కోపం లేకుండానే. "ఇక్కడ చీటీ రాయడం ఇంకా అవ్వలేదమ్మా. మీరు అప్పుడే మందు చేతిలో పెట్టేస్తున్నారు."

తమ్ముడూ, నా చెంప మీద కొట్టినా అంత తగిలేది కాదు. ఆవిడ అన్నది నిజమని నాకు అక్కడికక్కడే తెలిసింది, అందుకే ఇంకా మండింది. నా మొగుణ్ణి నాకంటే బాగా చదివేసింది. చదవడమే కాదు, ఆగడం కూడా ఆవిడకి వచ్చు. ఆ ఆగడం మీదే నాకిప్పుడు అసూయ.

తర్వాత ఏం జరిగిందో విను. ఆయన పాఠానికి వెళ్ళడం మానేశాడు. ఆటో వచ్చి హారన్ కొడితే చెయ్యి ఊపి పంపేస్తున్నాడు. ఆవిడ ముందు తలెత్తుకోలేకపోతున్నాడు, నా ముందూ అంతే. నేను రాత్రింబవళ్ళు కోరుకున్నదే జరిగింది. ఆవిడతో మాట్లాడటం లేదు. ఎవరితోనూ మాట్లాడటం లేదు.

ఆ "మ" ఏమిటో నాకు ఇంకా తెలీదు. దాని గురించే ఆలోచిస్తున్నాను. ఆలోచించకు అని మాత్రం రాయకు.

అక్క


ఆగస్టు 5

అక్కా,

ఏం రాయాలో తెలియక నాలుగు కాగితాలు పాడుచేశాను. ఆ "సరసాలు" అన్న మాట రాసిన చేతిని నరుక్కోవాలనిపించింది. సెలవు అడిగాను. సొరంగం రెండు వైపులా కలిసేదాకా ఎవరికీ లేదన్నారు. దీంతో పాటు బావకి చిన్న ముక్క పెడుతున్నాను. ఇది నువ్వే చదివి వినిపించు. ముక్కముక్కలుగా అక్కర్లేదు, ఒక్క గుక్కలో చదివెయ్. అందులో ఉన్నదింతే: "బావా, నేను గాడిదని. తెలియని దాన్ని తెలిసినట్టు రాశాను. మీరు తిట్టే రోజు కోసం చూస్తుంటాను, అన్ని మాటలూ నేర్చుకుని మరీ తిట్టండి."

ఒక సంగతి చెప్పాలి. మొన్న లోపల పని చేస్తుంటే కరెంటు పోయింది. మామూలు చీకటి కాదక్కా, కళ్ళు తెరిచినా మూసినా ఒకటే. మేస్త్రీ గొంతు వినిపించింది, "ఎవరూ కదలొద్దు. ఎక్కడివాళ్ళు అక్కడే." ఆశ్చర్యమేమిటంటే ఆయన తుమ్మలేదు.

తీగ తెగి ఉంటుందని, తప్పు నాదేనని, ఉద్యోగం పోతుందని నా బుర్ర పరుగెత్తబోయింది. కానీ పరుగెత్తడానికి దారే కనపడలేదు. పక్కన గోడలోంచి నీళ్ళ చుక్కలు పడుతున్నాయి. రేడియోగాడు దగ్గర్లో ఊపిరి తీస్తున్నాడు, మెలకువగా ఉంటే వాడి ఊపిరి ఎంత మెత్తగా ఉంటుందో అప్పుడే విన్నాను. అరచేయి కింద రాయి చల్లగా ఉంది. అంతే. ఎంతసేపో తెలీదు. దీపాలు వచ్చాక చూస్తే తప్పు నాది కాదు, బయట జనరేటరుది.

నిజం చెప్పనా? ఆ కాసేపు నాకు నువ్వు గుర్తురాలేదు, బావ కూడా గుర్తురాలేదు. చాలా హాయిగా ఉంది. మీరు అక్కడ అలా ఉంటే నాకిక్కడ హాయేమిటని తర్వాత సిగ్గేసింది. నీకు సలహా కింద రాయడం లేదు. సలహాలు ఇచ్చే ముఖం నాకు లేదు.

నీ గాడిద


ఆగస్టు 29

తమ్ముడూ,

నీ ముక్క చదివి వినిపించాను. గాడిద దగ్గర ఆయన వేలు చూపించి, మళ్ళీ చదవమన్నాడు. మూడుసార్లు చదివించుకున్నాడు. క్షమించినట్టే అనుకో.

అయినా పాఠానికి మాత్రం కదల్లేదు. నేనే ఆవిడ దగ్గరికి వెళ్ళి, మీరు చెప్పి చూడండి అని అడిగాను. అడగడానికి నోరు ఎలా వచ్చిందో నాకే తెలీదు. ఆవిడ ఫోన్ చేస్తే ఆయన ఫోన్ దిండు కింద పెట్టేశాడు.

ఒకరోజు దుఃఖం ఆగక, ఎక్కడైనా ఒంటరిగా కూర్చుని ఏడుద్దామని పక్క షెడ్డులోకి వెళ్ళాను. ఆయన నేర్పే కారు అక్కడే ఉంది. మెకానిక్ అప్పుడప్పుడు వచ్చి ఇంజను తిప్పి వెళ్తున్నాడు. లోపల కూర్చున్నాను, డ్రైవరు వైపు. ఆ సీటులో నేను కూర్చుని ఎన్నేళ్ళయిందో. పెళ్ళైన కొత్తలో నేర్పబోయాడు కదా, వీధి చివర కుక్క కనిపిస్తే నేనిక్కడే బ్రేకు తొక్కేదాన్నని విసిగి వదిలేశాడు. ఏం తోచక తాళం తిప్పాను. ఇంజను గుర్రుమంది.

కర్ర టకటకమని వినిపించింది. చెప్పులు కూడా లేకుండా వచ్చాడు. ముఖం ఎర్రగా ఉంది. తలుపు తీసి, ఎప్పుడూ కూర్చునే పక్క సీటులో కూర్చుని, తన వైపు ఉన్న బ్రేకు మీద ఎడమ కాలు పెట్టాడు. నా వైపు చూసి "బె..." అన్నాడు.

బెల్టు అని నా నాలుక చివరికి వచ్చేసింది. పళ్ళతో పట్టి ఉంచాను. ఆయన మెడ నరాలు ఉబ్బాయి. "బె... బె..." ఇంజను తిరుగుతోంది. నేను ఆయన పెదవుల వైపు చూస్తూ కూర్చున్నాను.

"బెల్టు" అన్నాడు.

పెట్టుకున్నాను. రెండుసార్లు జారింది.

ఇప్పుడు రోజూ సాయంత్రం గోదాముల వెనక ఖాళీ స్థలంలో తిప్పుతున్నాం. నాకు ఒక్క ముక్క రాదు కాబట్టి ఆయన మాట వచ్చేదాకా ఆగక తప్పదు. కాలు క్లచ్ మీద, చెయ్యి గేరు మీద, చెవి ఆయన మీద. టీచరు గురించి ఆలోచించడానికి నాలో ఇంక చోటెక్కడుంది? నిన్న "ఎ..." అని మొదలుపెట్టాడు. నేను ఆగాను. కారు ఆగలేదు. నడక వేగంలోనే పోతోంది, ఆయనా మాటలో పడి బ్రేకు సంగతి మర్చిపోయాడు. "ఎడమ!" అనేసరికి తిన్నగా వెళ్ళి పొదలో దిగబడ్డాం. కొమ్మలు కిటికీలోంచి లోపలికొచ్చాయి. ఆయన నన్ను చూశాడు, నేను ఆయన్ని చూశాను. భుజాలు ఊగేలా నవ్వాడు. నేను బండి దిగకుండా ఆ నవ్వు అయిపోయేదాకా విన్నాను. పొదకీ బండికీ పెద్దగా ఏం కాలేదు.

ఆ "మ" ఏమిటని కూడా అడిగాను. ఎంతో ఆలోచించి చెయ్యి తిప్పేశాడు. ఆయనకీ గుర్తులేదు! దాని కోసం నేను ఎంత నిద్ర పోగొట్టుకున్నానో.

బండి ధైర్యం ఇచ్చిందో ఏమో, పోయిన వారం నుంచి మళ్ళీ పాఠానికి వెళ్తున్నాడు. నేను బయట బల్ల మీద కూర్చుంటున్నాను. చివర్లో ఆవిడే నన్ను లోపలికి పిలుస్తోంది. అసూయ పోయిందనుకుంటున్నావేమో, పోలేదు. లోపల ఆయన నవ్వు వినపడగానే కడుపులో ఇప్పటికీ భగ్గుమంటుంది. కాకపోతే ఇదివరకు ఆ మంట పుట్టగానే దాని వెనకాల పదూళ్ళు తిరిగొచ్చేదాన్ని. ఇప్పుడు మంట మండుతుంటే అక్కడే బల్ల మీద కూర్చుంటున్నాను. కాసేపటికి నడవాలో ఎవరో నేల తుడుస్తున్న తడి వాసన వస్తుంది, ఎదురుగా ఒక పిల్ల బొమ్మకి జడ వేస్తూ కనిపిస్తుంది. ఇన్నాళ్ళూ అవీ అక్కడే ఉన్నాయట.

ఇదిగో, ఇది రాస్తుండగా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. నా చేతిలో కాగితం చూశాడు. "క..." అంటున్నాడు. నా బుర్ర అప్పుడే నాలుగు మాటలు తెచ్చి వరుసలో నిలబెట్టింది. అవేమిటో నీకు కూడా రాయను. ఆయన పెదవులు కదులుతున్నాయి, ఇంకా రాలేదు. పెన్ను పక్కన పెట్టి అటు తిరుగుతున్నాను.

అక్క